మూఢంలో టర్బో

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకే శుక్రమూఢం వచ్చిపడింది. ఆమదాలవలసలో ఒక్క బాజా మోగలేదు, ఒక్క పందిరి లేవలేదు. పెళ్ళిబట్టల కొట్లవాళ్ళు ఫ్యాన్ల కింద కూర్చుని ఈగలు తోలుకున్నారు. మైకులు కట్టుకున్న ఎన్నికల ఆటోలు మాత్రం వీధి వీధీ తిరిగేవి. వాటికి మూఢం లేదు.

మా ఇంట్లో పంచాంగం చూసేది నేను. బడి గడప తొక్కినదాన్ని కాదు. ఒకప్పుడు మా కొట్లో బెల్లం పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అయినా మా వీధివాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవారు. బోరు వేయించవచ్చా, గుమ్మం మార్చవచ్చా అని అడిగేవారు. మూఢంలో కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదు, పాతదానికి మరమ్మతు చేసుకోవచ్చు. ఇది మా పెద్దవాళ్ళ మాట. ఏది కొత్త, ఏది మరమ్మతు అన్న దగ్గరే తగువంతా వస్తుంది.

ఆ తగువు మా ఇంటికి కారెక్కి వచ్చింది.

నా కొడుకు ధనరాజ్‌కి బియ్యం మిల్లు ఉంది. మిల్లు వెనకే ఇల్లు. వాడు పెద్ద బండి కొన్నాక పాత చిన్నకారు మిల్లు షెడ్డులో పడి ఉంది. విజయనగరంలో ఇంజినీరింగు పూర్తిచేసి వచ్చిన నా మనవరాలు హర్షిత ఆ కారు మీద పడింది. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజినట. దానికి ఊపిరి చాలడం లేదట. పొద్దంతా షెడ్డులో నలిగి, సాయంత్రం మసి చేతులతో పెరటి అరుగు మీదకు వచ్చి నా పక్కన కూలబడేది. ఫోను తీసి చదివేది, చదివింది నాకు చెప్పేది.

"ఇంజినంటే ఊపిరితిత్తులే మామ్మా. ఎంత గాలి లోపలికెలితే అంత బలం. ఆ గాలి బలవంతంగా కూరడానికి రెండు దారులున్నాయి."

"బలవంతమెందుకే? ఆయాసపడదేటి?"

"ఆయాసపడతన్నది ఇప్పుడే! సూపర్‌చార్జరని ఒకటుంది. బెల్టు కట్టి ఇంజినే తిప్పుకుంటాది. కొలిమి తిత్తి లాగినట్టన్నమాట. కాలు నొక్కగానే గాలొచ్చేస్తాది. కానీ ఆ తిత్తి లాగడానికి ఇంజిను బలమే కొంత ఖర్చయిపోద్ది."

"రెండోదేటి?"

"టర్బో. సైలెన్సర్లోంచి పొగ బయటికి పోతాది కదా, దాని దారిలో ఒక చక్రం పెడతారు. పొగ పోతా పోతా దాన్ని తిప్పుతాది. అది అటుపక్కనున్న ఇంకో చక్రాన్ని తిప్పి, గాలిని లోపలికి తోస్తాది. ఇంజిను బలం పెద్దగా పోదు. కాపోతే కాలు నొక్కాక గాలి రావడానికి కాస్త ఆలస్యమవుద్ది. వేడి కూడా. రాత్రి పూట సూస్తే ఎర్రగా నిప్పుకణికలాగుంటాదట."

పెట్రోలు పక్కన నిప్పుకణికా! కానీ ఇంకో మాట కూడా నా మనసులో పడింది. పోయేది ఊరికే పోకుండా ఒక పని చేసి పోతుందన్నమాట. నాకు తెలిసి పోయినవాళ్ళెవరూ అలా పోలేదు.

ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరని కాదు. మాత్ర వేసుకున్నావా అని కొడుకు అడుగుతాడు. గేటు గడియ పెట్టావా అని కోడలు అడుగుతుంది. అవునంటే మాట అయిపోతుంది. హర్షితతో మాట అయిపోయేది కాదు. దోమలు కుట్టి లేచేదాకా కోసి మార్చాల్సిన సైలెన్సరు, గొట్టాలు, చక్రాలు, గాలి.

ఒకనాటి సాయంత్రం ధనరాజ్ మిల్లు నుంచి వచ్చి మమ్మల్ని చూసి నిలబడిపోయాడు.

"నీకు అంత సదువు సదివించింది సైలెన్సర్లు కొయ్యడానికేటే? రోడ్డెక్కితే పోలీసోడు పట్టుకుంటాడు!"

"రోడ్డు మీద తిప్పనే నాన్నా. పందేలకని కట్టిన ట్రాకులుంటాయి. అక్కడికి."

"దీనికి నువ్వొకత్తివి తోడు దొరికావేటమ్మా! సరే, నువ్వే సెప్పు. మూఢంలో ఇయ్యన్నీ సెయ్యొచ్చా?"

తండ్రీ కూతుళ్ళిద్దరూ నావైపు చూశారు. నేను న్యాయంగానే ఆలోచించాను. "సైలెన్సరు పాత కారుకి ఉన్నదే కదా. మార్చుకుంటే మరమ్మతు. ఈ గాలి కూరేది మాత్రం ఆ కారుకి పుట్టుకతో లేదు. అది కొత్త. మూఢం పోయేదాకా ముట్టుకోకూడదు" అన్నాను.

"విన్నావా?" అన్నాడు ధనరాజ్, కేసు గెలిచినవాడిలా.

హర్షిత మొహం కొంచెం చిన్నబుచ్చుకుంది కానీ, నా మాటకు ఎదురు చెప్పలేదు. మా ఇంట్లో పంచాంగానికి ఎవరూ ఎదురు చెప్పరు.

సైలెన్సరు పని మొదలైంది. మిల్లులో వెల్డింగు చేసే రాముడు, హర్షిత కలిసి ముందు ఒక లావు గొట్టం అతికించారు. కారు స్టార్టు చేస్తే మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. పక్కింటి మహాలక్ష్మమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది.

"ఒదినా, మీ ఇంట్లో దున్నపోతుకేటి జబ్బు సేసినాది?"

"దున్నపోతు కాదమ్మా, మా మనవరాలి కారు."

"కారుకి దగ్గేటి? మిరియాల కషాయం పొయ్యండి!"

అంత గోల చేసినా కారుకు బలం రాలేదు. పైగా తగ్గిందట. "గొట్టం మరీ లావైతే పొగ బద్దకిస్తాది మామ్మా" అని హర్షితే వివరించింది. "సందు ఇరుకైతేనే కదా నీళ్ళు జోరుగా పోతాయి? అలాగన్నమాట." సన్న గొట్టం పెట్టారు. ఇంజినులోంచి వచ్చే నాలుగు గొట్టాలు జతజతగా కలిసి రెండై, ఆ రెండూ కలిసి ఒకటవ్వాలా, నాలుగూ ఒకేచోట కలిసిపోవాలా అని కొన్ని సాయంత్రాలు గడిచాయి. జతజతగా కలిస్తే ఊళ్ళో నడిచే వేగానికి బలమట. ఒకేసారి కలిస్తే పరుగు చివర్లో బలమట. నాకు జతజతగా కలవడమే నచ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేను.

కానీ ఏదీ ఖాయం కాలేదు. "అసలు చిక్కు అక్కడే ఉన్నాది" అంది హర్షిత. "టర్బో అయితే ఈ గొట్టాలన్నీ పీకీసి, వాటి జాగాలోనే దాన్ని కూర్చోబెట్టాలి. సూపర్‌చార్జరైతే ఇయ్యి ఉంటాయి. అది తేలకుండా ఇది తేలదు."

తేలకపోవడం నాకు హాయిగానే ఉంది.

ఆవకాయ ముక్కలు తుడుస్తూ ఉండగా కోడలు శైలజ అంది:

"అత్తా, దాంతోపాటు నువ్వూ ఊగుతున్నావు. ఆ కారు అయిపోతే అది ఎలిపోద్ది, తెలుసా?"

"ఎక్కడికి?"

"కోయంబత్తూరు. పందెం కార్లు కట్టే షెడ్డు ఒకటుందట అక్కడ. నీ సేత్తో కట్టిన కారు పట్టుకుని వానలు ముదిరే లోపు రా, పనిలో పెట్టుకుంటాం అన్నారట. మొన్న నాకు సెప్పినాది. మీ అబ్బాయికి ఇంకా సెప్పలేదు. నీకు సెప్పలేదేటి?"

"సెప్పింది" అన్నాను.

చెప్పలేదు.

ముక్కలు తుడవడం అయిపోయాక లేచి లోపలికి వెళ్ళి పంచాంగం తీశాను. మూఢం పోయేసరికి వానలు ముదురుతాయి. ఆకుమళ్ళు కూడా పోసేస్తారు. పంచాంగం మూసి యథాస్థానంలో పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు. మూఢం పోయేదాకా ముట్టుకోకూడదని అప్పటికే చెప్పేశాను.

ఆ తరవాత నేను చదవడం మొదలుపెట్టాను. హర్షిత పాత ఫోను నా దగ్గరే ఉండేది. అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు అరుగు మీద కూర్చుని టర్బోలు పెట్టి చెడగొట్టుకున్నవాళ్ళ కథలు వెతికి వెతికి చదివేదాన్ని. తెలుగులో దొరికినవి కొన్ని. మిగతావి ఫోనే తెలుగులోకి మార్చి పెట్టేది, ముక్కలు ముక్కలుగా, మత్తులో మాట్లాడినట్టు. సాయంత్రానికి ఒక అనుమానం సిద్ధంగా ఉండేది.

"ఒసే, ఈ ఇంజిను ముందే గాలిని గట్టిగా నొక్కుతాదటే. దాని మీద ఇంకా కూరితే పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని, పిస్టన్లు చిల్లులు పడతాయట. నిజవేనా?"

దాని కళ్ళు మెరిసేవి. "ఎక్కడ సదివేవే ఇది? నిజవే! అందుకే గాలి తక్కువ తొయ్యాలి."

"తక్కువంటే ఎంత? ఎవుళు సెప్తారు? ఆ గాలి వేడెక్కిపోదా?"

"వేడెక్కుద్ది. మజ్జనొక రేడియేటరులాంటిది పెట్టి సల్లబరుస్తారు."

"దానికి జాగా ఏదీ? కారు మూతి ఇంతే ఉన్నాదాయె!"

అది లేచి వెళ్ళి టేపు పెట్టి కొలిచి వచ్చేది. మళ్ళీ కూర్చునేది. ఒకనాడు సూపర్‌చార్జరే మేలనేది. మర్నాడు నేను బెల్టు తెగిన కథ ఒకటి చెబితే టర్బో అనేది. ఆ మర్నాడు నిప్పుకణిక సంగతి నేను గుర్తుచేసేదాన్ని. నాకు భయం నిజంగానే ఉంది, అందులో అబద్ధం లేదు. నా మొగుడు సాయంత్రానికి వచ్చేస్తానని వెళ్ళి రాలేదు. నా కూతురు పురిటికి వెళ్ళి రాలేదు. నాకు భయం వేయడానికి కారణం కావాలా? కానీ ఆ సాయంత్రాల్లో నా భయానికి ఒక రుచి కూడా తగిలింది. ఎంత భయపడితే అంతసేపు అది నా పక్కన కూర్చునేది.

రోహిణీకార్తెలో ఒక సాయంత్రం హర్షిత వచ్చింది కానీ ఫోను తియ్యలేదు. చేతులకు మసి లేదు. స్తంభానికి జారబడి కూర్చుంది.

"ఆళ్ళకి సెప్పేస్తాను మామ్మా, రాలేనని."

"ఎవుళకి?" అన్నాను, తెలియనట్టు.

"కోయంబత్తూరోళ్ళకి. నీకు సెప్తే బెంగెట్టుకుంటావని సెప్పలేదు. ఇంక సెప్పినా ఒకటే."

"ఏటే, ఏటైనాది?"

"నువ్వు సెప్పినవన్నీ నిజాలే. పిస్టన్లు పోవచ్చు, బెల్టు తెగొచ్చు, ఏదైనా అవ్వొచ్చు. నాకన్నా నువ్వే బాగా సదివేవు. నాకే దైర్నం పోనాది." నవ్వబోయింది, రాలేదు. "ఎలాగూ మూఢం పోయేసరికి ఆళ్ళ జాగా ఇంకొకడికి పోద్ది. ఒగ్గీ, ఇంకొద్దు."

నేను కోరుకున్నది అదే. అది నా పక్కనే ఉంది. ఇంక ఎక్కడికీ వెళ్ళదు.

మర్నాడూ వచ్చి కూర్చుంది. ఆ మర్నాడూ. అలవాటు కొద్దీ వచ్చేది. నేను ఒక అనుమానం ఎత్తితే "ఊఁ" అనేది. ఇంకోటి ఎత్తితే "అవుద్దేమో" అనేది. చివరికి ఒక సాయంత్రం, "మాత్రేసుకున్నావా మామ్మా?" అని అడిగింది.

వేసుకున్నానన్నాను. మాట అయిపోయింది.

చీకటి పడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఎన్నికలు అయిపోయి మైకులు కూడా లేవు. నేను ఆపుకున్నది మనిషిని. నా పక్కన కూర్చుని మాట్లాడే పిల్ల అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ధనరాజ్ అన్నాడు: "షెడ్డులో కారుని కోటబొమ్మాళి వాళ్ళెవరో అడుగుతన్నారు. మూఢం పోయాక ఇచ్చెద్దారా? ఏటే హర్షితా?"

"నీ ఇష్టం నాన్నా" అంది అది, అన్నం కలుపుతూ. కలిపిందే కలుపుతోంది.

రెండు గుటకలు నీళ్ళు తాగాను.

"ఒరే ధనరాజూ, ఆ కారుకీ మూఢానికీ అడ్డు లేదురా."

"ఏటి?"

"టర్బో ఉన్నాది సూడు, అది కూర్చునేది పొగగొట్టం మీద. గొట్టం మార్చడం మరమ్మతని ముందే అన్నాను కదా. గొట్టం మరమ్మతైతే దాని మీద కూర్చునేది కొత్తదెలా అవుద్ది? అదీ మరమ్మతే."

ధనరాజ్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి అదేదో బెల్టుది?"

"అది నేరుగా ఇంజినుకే కడతారు. అది కొత్తదే. అది పనికిరాదు."

హర్షిత తలెత్తింది. "టర్బో అంటే నీకు బయం కదే మామ్మా? ఎర్రగా కాలుద్దని."

"కాల్తే కాలనీ. గాలి తక్కువ తొయ్యి. శైలజా, నాకు మజ్జిగెయ్యమ్మా."

శైలజ మజ్జిగ వేసింది. గరిటె గిన్నెలో పెట్టడం మరిచి చేత్తోనే పట్టుకుని నిలబడింది. అన్నం తిని ధనరాజ్ చెయ్యి కడుక్కుంటూ, "ఈ మరమ్మతు సేసి ఏటి సేస్తావే?" అని కూతుర్ని అడిగాడు. అప్పుడు అది వాడికి కోయంబత్తూరు మాట చెప్పింది. నేను అక్కడ ఉండలేదు. కాసేపు వాడి గొంతు పెద్దగా వినబడింది. తరవాత దాని గొంతే వినబడింది. చాలాసేపు దాని గొంతే.

టర్బో విశాఖపట్నం పాత సామాన్ల కొట్లో దొరికింది. తుక్కుకు పోయిన చిన్న డీజిలు కారుదట. నత్తగుల్లలా చుట్ట చుట్టుకుని ఉంది. నా చేతిలో పెట్టింది హర్షిత. లోపల రేకుల చక్రం గోటితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగింది, తోయడం ఆపినా తిరుగుతూనే ఉంది. రాముడు నాలుగు గొట్టాలూ పీకి, కొత్తవి వంచి అతికాడు. నాకు నచ్చిన జతజతల గొట్టం షెడ్డు మూల పడింది. స్టార్టు చేసిన రోజు దున్నపోతు దగ్గు లేదు. లోతుగా, నిండుగా ఒక చప్పుడు, దాని వెనక సన్నని ఈల. హర్షిత కాలు నొక్కినప్పుడల్లా ఆ ఈల ఒక్క క్షణం ఆలస్యంగా లేచేది.

"అదే మామ్మా!" అని కారులోంచి అరిచింది. "ఆ ఈలే!"

ఆ తరవాత సాయంత్రాలు దానికి తీరిక లేదు. మసి చేతులతోనే నిలబడి రెండు ముద్దలు తిని షెడ్డుకు పరిగెత్తేది. నేను అరుగు మీద నుంచి ఈల వినేదాన్ని.

రోడ్డు మీద నడపకూడని కారు కాబట్టి లారీ ఎక్కించాలి. ధనరాజ్ సణుగుతూనే తమిళనాడుకి బియ్యం తోలే లారీ ఒకటి మాట్లాడాడు. మిల్లులో బస్తాలు ఎత్తే దిమ్మ లారీ ఎత్తుకు సరిగ్గా ఉంటుంది. లారీని వెనక్కి తెచ్చి దిమ్మకు ఆనించారు. పెట్రోలు తీసేసిన కారును బస్తాలు మోసే కళాసీలు దిమ్మ మీద నుంచి తోశారు.

"ఒరే, ఈ బస్తాకి సక్రాలున్నాయిరా!"

"అన్ని బస్తాలకీ ఉంటే మన నడుములు బాగుండునురా బావా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాళ్ళు బిగించారు. సాయంత్రం రైలుకు తండ్రిని తోడు తీసుకుని హర్షిత బయలుదేరాలి. తిండి, నీళ్ళు, రైల్లో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయట పెట్టకు... నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ చెప్పాను. అన్నిటికీ తలూపింది. లారీ రైల్వే గేటు వైపు తిరిగింది. ఎలాంటి చప్పుడు కావాలో తేల్చుకోవడానికి ఒక వేసవంతా పట్టిన కారు, ఏ చప్పుడూ లేకుండా వెళ్ళిపోయింది.

మృగశిర దాటాక వానలు పట్టుకున్నాయి. ఒకనాడు సాయంత్రం అరుగు మీద ఫోను మోగింది.

"మామ్మా! ఇక్కడోళ్ళు టర్బో తరవాత గొట్టం లావు సెయ్యమంటన్నారు. నువ్వేటి సెయ్యమంటావు?"

టర్బో ముందు గొట్టం సంగతి వేరు, తరవాత సంగతి వేరు. చక్రం తిప్పేసిన పొగకు దారి ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. ఆ మాట నాకు నేర్పింది అదే. అంటే ముందే తేల్చేసుకుంది. అయినా అడుగుతోంది.

"లావు సెయ్యి" అన్నాను.

"అంతేనా? బయమేటీ లేదా?"

దాని వెనక ఏదో ఇనుము కోస్తున్న రొద. ఎవరో తెలియని భాషలో పిలుస్తున్నారు. అది ఫోను పక్కకు తిప్పి అదే భాషలో ఒక ముక్క బదులు చెప్పి నవ్వింది. అప్పుడే నేర్చేసుకుంది.

నా నోట్లో ఒక అనుమానం ఉంది. గొట్టం లావైతే పొగ జోరెక్కి చక్రం మరీ వేగంగా తిరగదా, మనం తక్కువ తొయ్యాలనుకున్న గాలి ఎక్కువైపోదా అని. మధ్యాహ్నమే చదివాను. అక్కడివాళ్ళకు తెలియనిదేమీ కాదు, దానికీ తెలుసు. అడిగితే మాత్రం పని ఆపి, ఒక మూల కూర్చుని, మొదటి నుంచి విడమరిచి చెబుతుంది. చీకటి పడేదాకా చెబుతుంది.

వాళ్ళు మళ్ళీ పిలిచారు.

"బయమేటీ లేదు. ఎల్లవే, పిలుస్తన్నారు" అని, ఎర్ర గుర్తు నేనే ముందు నొక్కాను.